ప్రాంగణ వృక్షాన్ని తొలగించవలసి వచ్చినప్పుడు

రావి, మర్రి, వేప, మారేడు వృక్షాలను దైవస్వరూపాలుగా భావించి ప్రదక్షిణలు చేయడం మన ఆచారం. అందువల్ల ఆలయ ప్రాంగణంలో పొక్లెయినర్ కనిపించగానే భక్తుల మనస్సు కలత చెందడం సహజం. అయినా కాండం తొలిచిపోయి కూలే స్థితిలో ఉన్న వృక్షాన్ని, వేళ్లు ప్రాకారపు పునాదిలోనికి చొచ్చుకుపోయిన వృక్షాన్ని తొలగించక తప్పని సందర్భాలు వస్తాయి. ఆ కార్యం ఎలా జరగాలో భక్తులు, దాతలు తెలుసుకోవడం మంచిది.

ఆరోగ్యంగా ఉన్న వృక్షమైతే, కొమ్మలు కత్తిరించి, వేళ్లను మట్టిగడ్డతో సహా పెకలించి క్రేన్‌తో వేరొకచోట నాటే అవకాశాన్ని మొదట పరిశీలించాలి. హైదరాబాదు మెట్రో రైలు నిర్మాణ సమయంలో పలు వృక్షాలను ఇలాగే తరలించారు. నరకక తప్పనప్పుడు 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం అనుమతి పొందాలి. విగ్రహాలకు దారువు సేకరించేటప్పుడు ముందుగా వృక్షాన్ని పూజించి, అందులో నివసించే భూతాలను వేరొకచోటికి తరలిపొమ్మని ప్రార్థించాలని వరాహమిహిరుని బృహత్సంహిత విధించింది. పక్షిగూళ్లు ఉన్నవేమో పరిశీలించడం కూడా ఆ భావానికి తగిన పనియే.

పెద్ద వృక్షపు వేళ్లలో అధికభాగం మూడు అడుగుల లోతులోపే ఉండి, కొమ్మల విస్తీర్ణాన్ని దాటి వ్యాపిస్తుంది. గోడ క్రిందికి వేళ్లు పోయి ఉండగా మొద్దును యంత్రంతో ఒక్కసారిగా లాగితే పునాదిరాళ్లు కూడా కదలవచ్చు. కనుక ముందుగా నీటిగొట్టాలు, విద్యుత్తు తీగల జాడ గుర్తించాలి. కొమ్మలను త్రాళ్లతో దించి, కాండాన్ని నిలువెత్తున మిగల్చాలి. పెకలించేటప్పుడు యంత్రానికి అదే పట్టు. గోడవైపు మనుషులే కందకం త్రవ్వి వేళ్లను రంపంతో కోయాలి. ఆ తరువాతనే పొక్లెయినర్ మొద్దును గోడకు ఎదురు దిశగా లాగాలి. గోడ క్రింద మిగిలిన వేళ్లను లాగరాదు. అవి తిరిగి చిగురించకుండా గమనిస్తుండాలి.

మొద్దును భూమిలోనే విడిచిపెడితే అది కుళ్లి చెదలకు ఆహారమవుతుంది. పైనున్న బండలు క్రుంగుతాయి. పెకలించిన గోతిని పొరలు పొరలుగా మట్టితో నింపి, ప్రతి పొరను దిమ్మిస చేయాలి.

మొక్కలు సమర్పించే దాతలకు ఒక విన్నపం: రావి, మర్రి మొక్కలను కట్టడాలకు దూరంగా, విశాలమైన చోట నాటించండి. ప్రాకారం చెంత నందివర్ధనం, మందారం వంటివి చాలు. గోపురంపై పక్షుల వల్ల మొలిచిన రావి మొక్క కనబడితే వెంటనే ఆలయ సిబ్బందికి తెలియజేయండి. గోటితో పోయేదానిని గొడ్డలి దాకా తెచ్చుకోరాదు కదా!