తత్వశాస్త్రంలో పిహెచ్.డి.కి ముందు ఎం.ఏ. ఎంపిక: డోలీల కథనాలు లేవనెత్తే ప్రశ్న

భద్రాచలం అటవీ ప్రాంతంలో కోయల వంశచరిత్రలను తరతరాలుగా డోలీలు గానం చేస్తున్నారు. పడిగె అనే బొమ్మల గుడ్డను ఆధారం చేసుకొని గట్టుల పుట్టుకను, వేల్పుల కథలను వివరిస్తారు. దీనిపై పరిశోధన చేయదలచిన ఖమ్మం విద్యార్థికి ముందుగా స్ఫురించేవి జానపద విజ్ఞానం, మానవశాస్త్రం. అయితే డోలీ చెప్పినది జ్ఞానమా, కేవలం విశ్వాసమా అని అడిగిన క్షణం నుండి అది తత్వశాస్త్ర సమస్య అవుతుంది.

ఈ సమస్య కొత్తది కాదు. నైయాయికులు శబ్దాన్ని నాలుగు ప్రమాణాలలో ఒకటిగా అంగీకరించగా, వైశేషికులు, బౌద్ధులు దానిని విడి ప్రమాణంగా ఒప్పుకోలేదు. ఆప్తుని లక్షణం ఋషులకు, ఆర్యులకు, మ్లేచ్ఛులకు సమానమేనని వాత్స్యాయనుడు న్యాయభాష్యంలో స్పష్టం చేశాడు. అడవి అంచున నివసించే గాయకుని మాటను ప్రమాణచర్చలోకి తేవడానికి ఇంతకు మించిన ద్వారం మరొకటి కనిపించదు. ఆధునిక పాశ్చాత్య చింతనలో ఇదే అంశంపై కోడీ రచించిన 'టెస్టిమొనీ' 1992లో వెలువడింది. ఈ రెండు సంప్రదాయాలనూ మూలగ్రంథాలతో బోధించే ఎం.ఏ. ఈ విద్యార్థికి అవసరం.

2022 నాటి యు.జి.సి. నిబంధనలు ఎం.ఫిల్.ను నిలిపివేశాయి. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం మార్కులు పొందినవారు నేరుగా పిహెచ్.డి.కి అర్హులే, మూడేళ్ల బి.ఏ. చదివినవారికి మాత్రం ఎం.ఏ. తప్పదు. పరిశోధనాంశాన్ని పరీక్షించుకోవడానికి ఒకప్పుడు ఎం.ఫిల్. ఇచ్చిన వ్యవధి ఇప్పుడు ఎం.ఏ.లోనే దొరకాలి. అందువల్ల లఘు పరిశోధనకు అవకాశమున్నదా అన్నది విశ్వవిద్యాలయం పేరు కన్నా ముందు చూడవలసిన విషయం.

హైదరాబాద్, ఉస్మానియా, ఆంధ్ర, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాలలో తత్వశాస్త్ర శాఖలు ఏర్పడ్డాయి. వసతిగృహం, ప్రయాణ వ్యయం చూసి ఎంచుకోవడం తప్పేమీ కాదు. ఏజెన్సీ గ్రామాల నుండి వచ్చేవారికి అది అనివార్యం కూడా. ఆ పరిధిలోనే పాఠ్యప్రణాళికను, ప్రస్తుతం బోధిస్తున్నవారిని పరిశీలించాలి. గ్రంథం మీది పేరు చూసి శాఖను ఎంచుకోరాదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో దీర్ఘకాలం బోధించిన ఎ. రఘురామరాజు తరువాత తిరుపతి ఐ.ఐ.టి.కి వెళ్లారు.

ఎం.ఏ. రెండవ సంవత్సరంలో ఒక్క డోలీ కథనాన్ని, గాయకుని అనుమతితో, వాత్స్యాయనుని ఆప్తలక్షణంతో పరీక్షిస్తూ పది పుటల వ్యాసం రాయవచ్చు. పిహెచ్.డి. ప్రవేశానికి సమర్పించే పరిశోధన ప్రతిపాదనకు అదే పునాది కాగలదు.