అధిక శక్తి పరిక్షేపణంలో ధ్రువణం

వేగంగా ప్రయాణించే కణాలు ఇతర కణాలను ఢీకొని దారి మళ్ళటాన్ని పరిక్షేపణం అంటారు. ఈ ప్రక్రియలో కణాల స్పిన్ దిశ పోషించే పాత్రను తెలిపే రాశి ధ్రువణం. పరిక్షేపణాన్ని వివరించే సిద్ధాంత నమూనాలకు ఇది కఠినమైన పరీక్ష.

ధ్రువణం ఎందుకు ముఖ్యం

పయాన్, ప్రోటాన్‌ల పరిక్షేపణాన్ని రెండు సంకీర్ణ సంఖ్యలతో వర్ణిస్తారు. ఒకటి ప్రోటాన్ స్పిన్ మారని సందర్భానికి, రెండవది స్పిన్ తలక్రిందులయ్యే సందర్భానికి చెందుతుంది. ఏ కోణంలో ఎన్ని కణాలు చెదిరాయో లెక్కిస్తే ఈ సంఖ్యల పరిమాణాల వర్గాల మొత్తం మాత్రమే తెలుస్తుంది. వాటి దశల మధ్య తేడా తెలియదు. లక్ష్యంలోని ప్రోటాన్ల స్పిన్‌లను ఒకే దిక్కుకు తిప్పి ఉంచితే, కుడి ఎడమలకు చెదిరే కణాల సంఖ్యలలో వ్యత్యాసం కనిపించవచ్చు. ఆ వ్యత్యాసం నుండి ధ్రువణాన్ని గణిస్తారు. రెండు దశలూ ఒకటే అయితే ధ్రువణం సున్న అవుతుంది.

రెజ్జె నమూనా

ఇటలీ శాస్త్రవేత్త తుల్లియో రెజ్జె (1931-2014) 1959లో కోణీయ ద్రవ్యవేగాన్ని సంకీర్ణ సంఖ్యగా భావించే పద్ధతిని ప్రవేశపెట్టాడు. జెఫ్రీ చ్యూ, స్టీవెన్ ఫ్రౌట్షీ దీనిని ప్రబల అన్యోన్యచర్యలకు అన్వయించారు. ఒకే కుటుంబానికి చెందిన కణాల స్పిన్‌ను ద్రవ్యరాశి వర్గానికి ఎదురుగా గుర్తిస్తే దాదాపు సరళరేఖ వస్తుంది. ఈ రేఖను రెజ్జె పథం అంటారు. ఉదాహరణకు, 770 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల రో మీసాన్ స్పిన్ 1 కాగా, దాని పథంపైనే ఉన్న 1690 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల మీసాన్ స్పిన్ 3.

రుణ పయాన్ ప్రోటాన్‌ను ఢీకొనగా తటస్థ పయాన్, న్యూట్రాన్ వెలువడే చర్యను ఆవేశ వినిమయం అంటారు. ఈ చర్యలో ప్రధానంగా రో పథమే వినిమయమవుతుంది. శక్తి పెరిగేకొద్దీ ఈ చర్య ఏ రీతిగా తగ్గుతుందో నమూనా చక్కగా వివరించింది.

1966 నాటి పరీక్ష

ఒకే పథం వినిమయమైతే పైన చెప్పిన రెండు సంఖ్యలకూ ఒకే దశ ఉంటుంది. కనుక ధ్రువణం సున్న కావాలి. సెర్న్‌లో 5.9, 11.2 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల ద్రవ్యవేగాల వద్ద జరిపిన కొలతలు 1966లో వెలువడ్డాయి. వాటిలో ధ్రువణం సున్న కాదని తేలింది. కణాల సంఖ్యను సరిగా చెప్పిన నమూనా దశల విషయంలో అసంపూర్ణమని దీనితో స్పష్టమైంది. తరువాత రెండవ పథాన్నో, ఒకటికి మించిన వినిమయాలు ఏకకాలంలో జరగటాన్నో చేర్చి నమూనాను సవరించారు.

ప్రోటాన్ల పరిక్షేపణం

అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో 1973లో ధ్రువిత ప్రోటాన్ పుంజాన్ని అధిక శక్తికి చేర్చారు. 1970ల చివరలో ఆలన్ క్రిష్ బృందం అక్కడ పెద్ద కోణాల పరిక్షేపణాన్ని కొలిచింది. రెండు ప్రోటాన్ల స్పిన్‌లు ఒకే దిశలో ఉన్నప్పుడు, వ్యతిరేక దిశలలో ఉన్నప్పటికంటె పరిక్షేపణం సుమారు 4 రెట్లు అధికంగా కనిపించింది. క్వార్కుల వినిమయంపై ఆధారపడిన సరళ నమూనా ప్రకారం ఈ నిష్పత్తి 2 మాత్రమే. ఆ విధంగా క్వార్కు నమూనాలకు కూడా ధ్రువణమే గట్టి పరీక్షగా నిలిచింది.