బతుకమ్మ ఈసారి అక్టోబర్‌లో

రామన్నపేటలో బట్టల దుకాణం నడిపే పాఠకుడొకరు పంపిన ప్రశ్న రెండు వాక్యాలే. నిరుడు సెప్టెంబర్ ఆఖరి వారంలో కాలు పెట్టడానికి చోటు లేనంత గిరాకీ. ఈ సెప్టెంబర్‌కు కూడా అంత సరుకు దింపుకోవచ్చా?

వద్దు. 2026లో బతుకమ్మ, దసరా గిరాకీ దాదాపుగా మొత్తం అక్టోబర్‌కు జరిగింది. జరిపింది అధిక జ్యేష్ఠం.

వాన గిరాకీని చెడగొడుతుంది, పండుగ తెచ్చిపెడుతుంది. ఇంతమాత్రం చెప్పడానికి శాస్త్రం అక్కర్లేదు. వానకు ఆగిన పట్టుచీర బేరం ఎండ రాగానే తిరిగొస్తుంది, వానకు ఆగిన ఐస్‌క్రీం బేరం పోయినట్టే. అసలు ముచ్చట పండుగ ఏ ఏడు ఎటు జరుగుతుందన్న లెక్కలో ఉంది.

చాంద్రమాసం సగటున 29.53 రోజులు. పన్నెండు మాసాలు కలిపితే 354 రోజులు, సూర్యుడి ఏడాదికి 11 రోజులు తక్కువ. అందుకే దసరా 2023లో అక్టోబర్ 23న, 2024లో 12న, 2025లో 2న వచ్చింది. సర్దుబాటు లేకపోతే ఈ వెనకడుగు ఆగదు. రంజాన్ సుమారు 33 ఏళ్లలో ఋతువులన్నీ చుట్టి వచ్చేది ఇలాగే. బతుకమ్మ కూడా అట్లా జరుగుతూ పోతే గునుగు పూయని ఎండాకాలంలో వచ్చిపడేది. దాన్ని వానల వెనకే నిలిపి ఉంచుతున్నది అధికమాసం.

దాని నియమం ఎంత చక్కనిదో చూడాలి. ఒక అమావాస్యకూ మరో అమావాస్యకూ నడుమ సూర్యుడు ఏ రాశిలోకీ మారకపోతే ఆ మాసం అధికం. ఈ ఏడాది సూర్యుడు మే 15న వృషభంలో ప్రవేశించాడు. మే 16 అర్ధరాత్రి దాటాక అమావాస్య ముగిసింది. తర్వాతి అమావాస్య ముగిసేది జూన్ 15 ఉదయం ఎనిమిదిన్నర లోపు. మిథున సంక్రమణం అదే రోజు, మరో నాలుగు గంటలకు పైగా గడిచాక. అంతలోనే మాసం సంక్రమణం లేకుండా జారిపోయింది! ఆ సంక్రమణం తెల్లవారుజామునే జరిగి ఉంటే ఆషాఢం అధికమయ్యేది. దసరా తేదీ అప్పుడూ మారేది కాదు గానీ, మే 17 నుంచి జూన్ 15 దాకా పెళ్లి ముహూర్తాలు ఆగిపోయేవి కావు. పెళ్లి బట్టలు, బంగారం, స్టీలు సామాను అమ్మేవారి ఎండాకాలం గిరాకీలో ఒక నెల ఆ కొద్ది గంటల మీద ఆధారపడింది.

అధికమాసం రావడంతో దసరా 18 రోజులు ముందుకు దూకి అక్టోబర్ 20కి చేరింది. ఎంగిలిపూల బతుకమ్మ నిరుడు సెప్టెంబర్ 21న, ఈసారి అక్టోబర్ 10న.

ఈ దూకుడు తేదీ మార్పుతో అయిపోదు. పండుగ ఖర్చు చంద్రుడి లెక్కన వస్తుంది, రైతు చేతికి పైసలు సూర్యుడి లెక్కన వస్తాయి. రామన్నపేట చుట్టుపక్కల జూన్ వానలకు వేసిన పత్తి మొదటి ఏరుడు అక్టోబర్‌లో మొదలవుతుంది. దసరా అక్టోబర్ 2న వస్తే పత్తి ఇంకా చేనులోనే ఉంటుంది, దుకాణంలో ఉద్దెర పద్దు పెరుగుతుంది. 20న వస్తే కొందరి చేతిలోనైనా మొదటి ఏరుడు పైసలుంటాయి. నడుమ వాన దిగితే మళ్లీ కథ మారుతుంది. కాటన్ కార్పొరేషన్ తేమ 8 శాతం ఉంటే పూర్తి మద్దతు ధర ఇస్తుంది, ఆపైన కోత పెడుతుంది, 12 దాటితే కొనదు. 2025 అక్టోబర్ 28న తీరం దాటిన మొంథా తుపాను తెలంగాణలో పత్తినీ కల్లాల్లోని వడ్లనూ తడిపింది. దీపావళి అప్పటికే అయిపోయింది. వాన బట్టల దుకాణాన్ని బజారు బురదతోనే కాదు, తేమ మీటరు ముల్లుతో కూడా దెబ్బకొడుతుంది.

ఈ గొలుసును పసిగట్టి కూడా తప్పటడుగు వేసిన గొప్ప ఆర్థికవేత్త ఒకరున్నారు, ఇంగ్లండ్‌కు చెందిన విలియం స్టాన్లీ జెవన్స్. సూర్యుడి మచ్చలు భారతదేశపు పంటలను శాసిస్తాయని, పంట పోతే ఇక్కడి రైతు లాంకషైర్ బట్ట కొనడని, అందుకే ఇంగ్లండ్‌లో వ్యాపార సంక్షోభాలు వస్తాయని 1870లలో వాదించారు. ఢిల్లీ గోధుమ ధరలు కూడా తిరగేశారు. మచ్చల చక్రం 11.1 ఏళ్లని మొదట తీసుకున్నారు. సంక్షోభాలు పదిన్నరేళ్లకే వస్తున్నట్టు తేలగానే 10.45 ఏళ్లన్న మరో అంచనాను పట్టుకున్నారు. అక్కడే సిద్ధాంతం చెడింది. పంటకూ బట్టల గిరాకీకీ ఆయన వేసిన ముడి మాత్రం నేటికీ గట్టిదే.

నేటి తప్పు అంతకన్నా చిన్నది, అందుకే ఎక్కువ బాధ కలిగిస్తుంది. నిరుడు సెప్టెంబర్‌తో ఈ సెప్టెంబర్‌ను పోల్చి అమ్మకాలు పడిపోయాయనడం. పైగా నిరుడు జీఎస్‌టీ కొత్త రేట్లు అమల్లోకి వచ్చింది సెప్టెంబర్ 22న, ఎంగిలిపూల మర్నాడే. ఆ గిరాకీలో పన్ను తగ్గింపు వాటా ఎంత, తిథి వాటా ఎంత అని విడదీయకుండా ఏ అంకె చెప్పినా అది సగం మాటే. అంకెల్లోంచి ఋతువుల ప్రభావాన్ని విడదీసే అమెరికా జనగణన సంస్థ వారి ఎక్స్-13 గణన పద్ధతిలో ఈస్టర్ కదలికకు చోటు ముందే ఉంది. దసరా తేదీలు వాడేవారే ఎక్కించుకోవాలి. మన దుకాణాల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లు చాలావరకు నిరుటి ఇదే తేదీని చూపుతాయి. గోడ మీది పంచాంగంలో ఉన్న తిథి కంప్యూటర్‌లో ఒక గడిగా ఎందుకు లేదో!

పాఠకుడు పాత పద్దు పుస్తకాలు దాచి ఉంటే 2018ది తీయాలి. ఎనిమిదేళ్లకూ 99 చాంద్రమాసాలకూ తేడా ఒకటిన్నర రోజు. ఆ ఏడూ అధిక జ్యేష్ఠమే, దసరా అక్టోబర్ 18. ఇంకా పాతవుంటే 2007. ఏథెన్స్‌లో మెటన్ పేరుతో నిలిచిన 19 ఏళ్ల చక్రంలో 235 మాసాలు కొద్ది గంటల తేడాతో ఇముడుతాయి, అప్పుడూ జ్యేష్ఠమే అధికం. ధరలు మారి ఉంటాయి కాబట్టి రూపాయలు చూడొద్దు. గిరాకీ ఏ వారంలో ఎక్కిందో, ఏ రోజు దిగిందో చూసి సరుకు దింపుకోవాలి.