అలల గాలిలో ఆయాసం

కార్తీక పౌర్ణమి వస్తే జగ్గయ్యపేట, నందిగామల నుంచి కుటుంబాలు హైవే ఎక్కి విజయవాడ మీదుగా మంగినపూడి బీచ్ దారి పడతాయి. సముద్ర స్నానం, పిల్లలకు ఇసుకలో ఆటలు. ఇంట్లో ఉబ్బసం ఉన్న తాతయ్యనో, చలికాలం వస్తే పిల్లికూతలు వినిపించే పాపనో కూడా వెంట తీసుకెళతారు. ఊళ్లో దుమ్ము కన్నా సముద్రపు గాలి మేలని పెద్దల నమ్మకం. చాలా రోజుల్లో అది నిజమే. కానీ కొన్ని తీరాల్లో, కొన్ని రోజుల్లో, ఆ గాలే ఛాతీని బిగించేస్తుంది. కారణం నీటిలో విపరీతంగా పెరిగిన, కంటికి కనిపించనంత చిన్న నాచు.

మెట్టవాసికి దుమ్ము కొత్త కాదు. జగ్గయ్యపేట చుట్టూ నేల కింద సున్నపురాయి ఉంది కాబట్టే అక్కడికి సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి, రాయి మోసే లారీలు వచ్చాయి. సంక్రాంతి దాటాక కల్లాల్లో మిరపకాయలు ఎండుతాయి, వాటి ఘాటు వీధి చివరిదాకా వస్తుంది. పత్తి తీతల నూగు, కొయ్యకాళ్లు తగలబెట్టిన పొగ, గట్ల మీద వయ్యారిభామ పుప్పొడి దీనికి తోడు. ఆయాసం ఉన్నవాళ్లకు వీటిలో ఏది పడదో అనుభవం మీద తెలుసు. సముద్రం మీద మాత్రం ఎవరికీ అనుమానం ఉండదు.

నాచు వల్ల సముద్రపు గాలి ఛాతీని బిగించే సంగతిని ప్రపంచం బాగా తెలుసుకున్నది అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో. గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో కరేనియా బ్రెవిస్ అనే ఏకకణ జీవి ఉంది. వేసవి చివర, శరదృతువులో అది లెక్కకు మించి పెరుగుతుంది. నీరు ఎర్రగానో గోధుమ రంగులోనో మారుతుంది. దాన్నే రెడ్ టైడ్ అంటారు. చేపలు గుట్టలుగా చచ్చి ఒడ్డుకు కొట్టుకొస్తాయి. ఈ జీవికి గట్టి పెంకు ఉండదు. అల విరిగినప్పుడు అదీ చితికిపోతుంది, లోపలి బ్రెవిటాక్సిన్ అనే విషం నీటిలో కలుస్తుంది. నురుగు బుడగలు పగిలినప్పుడు లేచే సన్నని తుంపరతో అది గాలిలోకి చేరుతుంది. ఒడ్డువైపు గాలి వీస్తే నీటిలో కాలు పెట్టని మనిషికి కూడా గొంతులో గరగర, కళ్లమంట, దగ్గు. ఆరోగ్యవంతులకు తీరం వదిలి వచ్చేస్తే చాలావరకు తగ్గిపోతుంది. ఉబ్బసం ఉన్నవాళ్లకు అలా కాదు. విషం తగలగానే శ్వాసనాళాలు ముడుచుకుంటాయి, ఆ ఇబ్బంది రోజుల తరబడి ఉండొచ్చు.

సారసోటా దగ్గర సియెస్టా కీ బీచ్‌లో పరిశోధకులు దీన్ని కొలిచి చూశారు. ఉబ్బసం ఉన్న 97 మందిని రెడ్ టైడ్ ఉన్నప్పుడు ఒక గంటసేపు తీరంలో ఉండమన్నారు. వెళ్లేముందు, వచ్చాక వాళ్ల ఊపిరి బలాన్ని పరీక్షించారు. 2007లో వెలువడిన ఫలితాల్లో ఆ బలం కొద్దిగానే అయినా స్పష్టంగా తగ్గింది. రోజూ ఉబ్బసం మందు వాడేవాళ్లలో ఇది మరింతగా కనిపించింది. రెడ్ టైడ్ లేని రోజున అదే తీరంలో అలాంటి మార్పు లేదు. 2001లో రెడ్ టైడ్ ఉన్న మూడు నెలలను, అది లేని మరుసటి ఏడాది అవే నెలలతో పోల్చిన మరో అధ్యయనంలో, సారసోటా తీరవాసుల్లో శ్వాస ఇబ్బందులతో ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లు 54 శాతం ఎక్కువగా తేలారు. 2017 అక్టోబరులో మొదలైన రెడ్ టైడ్ 2019 ఆరంభందాకా వదల్లేదు. మధ్యలో, 2018 ఆగస్టులో, ఫ్లోరిడా అత్యవసర పరిస్థితి ప్రకటించింది.

నందిగామకు ఫ్లోరిడా దూరమే, కానీ సంబంధం లేనిది కాదు. 2025 జులైలో ప్రవాస తెలుగువారి సంఘం నాట్స్ అమెరికా తెలుగు సంబరాలు జరిగింది అదే తీరంలోని టాంపాలో. అక్కడున్న కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో ఆరు నెలలకు వెళ్లే అమ్మానాన్నలను పిల్లలు మొదట తీసుకెళ్లేది బీచ్‌కే. బీపీ మాత్రలు, ఆవకాయ సర్దిన పెట్టెలో ఇన్‌హేలర్ ఉందో లేదో చూసేవాళ్లు తక్కువ. అక్కడ బీచ్‌ల వారీగా శ్వాస ఇబ్బంది ఎంత ఉండొచ్చో ముందే చెప్పే సూచన ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. బయల్దేరే ముందు పిల్లలు దాన్ని చూడాలి.

మరి మన తీరాలు? 2004 సెప్టెంబరులో కేరళలో కొల్లం నుంచి విళింజం వరకు సముద్రం నుంచి కడుపులో తిప్పే వాసన వచ్చింది. 200 మందికి పైగా, ముఖ్యంగా పిల్లలు, వికారంతో, ఊపిరాడక కొద్దిసేపు అవస్థపడ్డారు. పరిశోధకులు దానికి నాచు పొంగే కారణమన్నారు. 2019 ఆగస్టులో చెన్నై అలలు రాత్రిపూట నీలంగా మెరిస్తే జనం సెల్‌ఫోన్లతో పరుగెత్తారు. అది నాక్టిల్యూకా అనే మరో సూక్ష్మజీవి పని. ఫ్లోరిడా విషం దానిలో లేదు, అయితే నీటిలో ఆక్సిజన్ తగ్గించి చేపలకు చేటు చేస్తుంది. బంగాళాఖాతం తీరాన ఫ్లోరిడా అంతటి భయం అక్కర్లేదు. అలాగని నీటి రంగు మారి, చచ్చిన చేపలు ఒడ్డున పడి, గాలి గొంతు పట్టేస్తున్నా ఆయాసం ఉన్న మనిషిని అక్కడే కూర్చోబెట్టడం తప్పు.

మంగినపూడి వెళ్లినా, మయామీ వెళ్లినా డాక్టరు రాసిన రోజువారీ ఇన్‌హేలర్ మానకూడదు. వెంటనే ఉపశమనమిచ్చే ఇన్‌హేలర్ కారులో కాదు, జేబులో ఉండాలి. దగ్గు మొదలవగానే తీరం వదిలి, సముద్రపు గాలి రాని గదిలో తలుపులు మూసుకోవాలి. ఇన్‌హేలర్ వాడినా తగ్గకపోతే ఆస్పత్రికే. మృగశిర కార్తెకు నాంపల్లిలో చేప మందు మింగి వచ్చామని ఇన్‌హేలర్ పక్కన పెట్టేసినవాళ్లకు ఈ మాట ఇంకా గట్టిగా చెప్పాలి. ఆ మందు ఉబ్బసాన్ని తగ్గిస్తుందనడానికి శాస్త్రీయ రుజువు లేదు.

హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఉపగ్రహాల సాయంతో నాచు పొంగులను గమనిస్తోంది. ఇందుకోసం ప్రత్యేక సమాచార సేవను కూడా నడుపుతోంది. కేరళ తీరం, మన్నారు సింధుశాఖ, మన పొరుగున ఒడిశాలోని గోపాల్‌పూర్ దాని ప్రధాన నిఘా ప్రాంతాల్లో ఉన్నాయి. ఫ్లోరిడాలో లైఫ్‌గార్డులు బీచ్‌లో దగ్గు ఏపాటి ఉందో కూడా నమోదు చేస్తారు. అలాంటి నమోదు మంగినపూడిలో, సూర్యలంకలో, విశాఖలో కూడా మొదలుకావాలి. ఇన్‌కాయిస్ హెచ్చరిక తెలుగులో, స్నానఘట్టం పక్కన బోర్డు మీద కనిపించాలి. వచ్చే కార్తీకానికి ముందే పర్యాటక, ఆరోగ్య శాఖలు ఆ పని చేయాలి.