వేతనం సరే... భరోసా ఏదీ?

పనిమంతులను రప్పించుకోవడానికి మంచి జీతం చాలవచ్చు గానీ, వచ్చినవారిని పదికాలాల పాటు నిలుపుకోవడానికి అదొక్కటే చాలదు. జబ్బు చేస్తే ఆదుకునే బీమా, వయసు మీరాక చేతికందే భవిష్య నిధి, పిల్లల చదువు, సొంత గూడు, పని గంటలకు ఒక హద్దు, పనిచోట మర్యాద, అన్యాయం జరిగితే చెప్పుకొనే దిక్కు ఉన్నప్పుడే మనిషి తన నైపుణ్యాన్ని ఒక వృత్తికి అంకితం చేస్తాడు. తెలుగు సినిమాకు గుండెకాయ వంటి హైదరాబాదులోని జూబ్లీహిల్స్, ఫిలింనగర్ ప్రాంతాల్లో ఈ సత్యం నేటికీ విధానంగా మారలేదు. ప్రపంచమంతా చూసే చిత్రాలు తీస్తున్న పరిశ్రమ, వాటికి చెమటోడ్చే కార్మికులకు కూలి ఇవ్వగలుగుతోంది గానీ భరోసా ఇవ్వలేకపోతోంది.

కార్డు ఉంది, యజమాని లేడు

సినిమా నిర్మాణంలోని లైటింగ్, మేకప్, కాస్ట్యూమ్స్, ఆర్ట్, నృత్యం, పోరాటాలు, ప్రొడక్షన్ వంటి విభాగాలన్నింటినీ కలిపి 24 శాఖలు అని వ్యవహరిస్తారు. వీటి సంఘాలకు గొడుగులాంటిది తెలుగు ఫిలిం ఇండస్ట్రీ ఎంప్లాయీస్ ఫెడరేషన్. సంఘంలో సభ్యత్వానికి గుర్తు యూనియన్ కార్డు కాగా, షూటింగ్‌లో కూలిని లెక్కగట్టే పనివేళకు కాల్షీట్ అని పేరు.

తెల్లవారకముందే కృష్ణానగర్, ఇందిరానగర్ వీధుల్లో ప్రొడక్షన్ వాహనాల కోసం నిలబడే లైట్‌మెన్, జూనియర్ ఆర్టిస్టుల బతుకంతా ఈ కాల్షీట్ చుట్టూనే తిరుగుతుంది. సెట్‌లో టిఫిన్, భోజనం ప్రొడక్షన్ వారే పెడతారు; అవుట్‌డోర్‌కు వెళితే పైఖర్చులకు బేటా ఇస్తారు; ప్యాకప్ చెప్పాక దించే ఏర్పాటూ ఉంటుంది. అయితే సినిమా పూర్తి కాగానే ఆ బంధం తెగిపోతుంది. ఏడాదిలో పది నిర్మాణ సంస్థలకు పనిచేసినవాడు ఏ ఒక్క సంస్థకూ ఉద్యోగి కాడు కాబట్టి, అతడి ఆరోగ్యానికి గానీ వృద్ధాప్యానికి గానీ పూచీపడే యజమాని ఎవరూ ఉండరు.

2025 ఆగస్టులో జరిగిన సమ్మె ఈ లోపాన్ని మరోసారి బయటపెట్టింది. 30 శాతం వేతన పెంపు కోరుతూ ఆగస్టు 4న షూటింగులు ఆపిన కార్మికులు, ప్రభుత్వ మధ్యవర్తిత్వంతో మూడేళ్లలో విడతలవారీగా 22.5 శాతం పెంపునకు అంగీకరించి, 18 రోజుల తర్వాత పనిలోకి వచ్చారు. పని గంటలు, ఆదివారపు కాల్షీట్‌కు రెట్టింపు కూలి వంటి షరతులపైనా వాదోపవాదాలు సాగినా, చర్చకు కేంద్రమైంది మాత్రం శాతాల లెక్కే. కూలి పెరగడం న్యాయమే అయినా, పని దొరకని నెలలో ఎంత పెరిగిన కూలి అయినా ఇంటికి చేరదు.

విజయా సంస్థ చూపిన బాట

కూలితో పాటు భరోసా కూడా ఇవ్వాలన్నది తెలుగు సినిమాకు కొత్త పాఠమేమీ కాదు. మద్రాసులో నాగిరెడ్డి, చక్రపాణి నడిపిన విజయా ప్రొడక్షన్స్ నటులను, సాంకేతిక నిపుణులను నెల జీతాలపై పెట్టుకొని, ఒక చిత్రానికీ మరో చిత్రానికీ మధ్య వారి ఇల్లు గడిచే పూచీ తానే తీసుకుంది. 1951లో వచ్చిన ‘పాతాళ భైరవి’కి పనిచేసిన రచయిత పింగళి నాగేంద్రరావు, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే, కళాదర్శకులు గోఖలే, కళాధర్, సంగీత దర్శకుడు ఘంటసాల పేర్లు 1957 నాటి ‘మాయాబజార్’లోనూ కనిపించడం వెనుక ఈ స్థిరత్వం ఉంది. ఒకరి పనితీరు మరొకరికి తెలిసిన బృందం ఏళ్ల తరబడి కలిసి పనిచేయడం వల్లనే ఆ చిత్రాలకు అంతటి పొందిక అబ్బింది. కాలక్రమంలో స్టూడియోల నెలజీతపు పద్ధతి అంతరించి, పరిశ్రమ హైదరాబాదులో స్థిరపడేనాటికి రోజుకూలీయే కింది శాఖల రివాజుగా మారింది.

ఆదుకున్న చేతులు

అలాగని పరిశ్రమ తన వారిని పూర్తిగా గాలికొదిలేసిందని చెప్పడం సరికాదు. నటుడు డాక్టర్ ఎం.ప్రభాకర్‌రెడ్డి పేరుతో వెలసిన చిత్రపురి కాలనీ, సుమారు 67 ఎకరాల్లో నాలుగు వేలకు పైగా ఇళ్లతో, సినీ కార్మికులకు దక్కిన అతిపెద్ద జీతేతర ప్రయోజనం. ఇళ్ల కేటాయింపుపై ఆరోపణలు, విచారణలు వచ్చినా, అద్దె గదుల్లో బతుకులీడ్చిన ఎన్నో కుటుంబాలు సొంత ఇంటివారయ్యాయన్నది కాదనలేనిది. 1993లో ఏర్పడిన మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్ వృద్ధ కళాకారులకు పింఛను, సభ్యులకు బీమా సమకూరుస్తూ వచ్చింది. కార్మికుల తగాదాలు తీర్చడంలో దాసరి నారాయణరావు 2017లో కన్నుమూసేవరకూ పెద్దదిక్కుగా నిలిచారు. 2020లో కరోనా షూటింగులను స్తంభింపజేసినప్పుడు చిరంజీవి నాయకత్వంలోని కరోనా క్రైసిస్ ఛారిటీ కార్మికుల ఇళ్లకు నిత్యావసరాలు చేర్చి, మరుసటి ఏడాది ఉచిత టీకాలూ వేయించింది.

ఈ సాయాలన్నీ అభినందనీయమే. అయితే ఇవి వ్యక్తుల మంచి మనసు మీద ఆధారపడినవే తప్ప వ్యవస్థ నుంచి హక్కుగా వచ్చినవి కావు. పెద్దమనిషి లేని రోజున పెద్దదిక్కూ లేకుండా పోయే ఏర్పాటును సంక్షేమం అనడం కష్టం.

పనిచోట మర్యాద

డబ్బుతో కొలవలేని ప్రయోజనాల్లో మొదటిది పని వాతావరణం. 2018 ఏప్రిల్‌లో ఫిలింనగర్‌లోని ఫిలిం ఛాంబర్ ఎదుట ఒక నటి చేసిన నిరసన తర్వాత, పరిశ్రమలో మహిళలపై లైంగిక వేధింపులు బహిరంగ చర్చకు వచ్చాయి. 2019లో తెలంగాణ ప్రభుత్వం ఈ విషయంపై ఒక ఉపసంఘాన్ని నియమించింది. కేరళలో సినీరంగ మహిళల సమస్యలను పరిశీలించిన హేమ కమిటీ నివేదిక 2024 ఆగస్టులో వెలువడ్డాక, తెలుగు పరిశ్రమ మహిళల బృందం ‘వాయిస్ ఆఫ్ విమెన్’ తరఫున నటి సమంత ఇక్కడి ఉపసంఘం నివేదికనూ బయటపెట్టాలని కోరారు. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలని 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం చెబుతోంది. ఆ లెక్కన వందలమంది పనిచేసే ప్రతి షూటింగ్ స్థలం దానికి లోబడవలసిందే. జూనియర్ ఆర్టిస్టులుగా, హెయిర్ డ్రెస్సర్లుగా పనిచేసే మహిళలకు అవుట్‌డోర్‌లో మరుగుదొడ్డి, దుస్తులు మార్చుకొనే చోటు, రాత్రి పని ముగిశాక క్షేమంగా ఇల్లు చేరే ఏర్పాటు కల్పించడం కనీస గౌరవం. ఇవి లోపించినచోట చదువుకున్న ఆడపిల్లలు సాంకేతిక శాఖల్లోకి రావడానికి తటపటాయిస్తారు, వచ్చినవారూ నిలవరు.

చట్టం తెరిచిన తలుపు

సినీ కార్మికుడిని రాతపూర్వక ఒప్పందం లేకుండా పనిలో పెట్టుకోరాదన్న నిబంధన 1981 నాటి కేంద్ర చట్టంలోనే ఉంది. ప్రతి చలనచిత్రంపై నిర్మాత నుంచి కొంత సుంకం వసూలు చేసి, దానితో కార్మికుల వైద్యానికి, పిల్లల చదువుకు సాయపడే సంక్షేమ నిధి చట్టమూ అదే ఏడాది వచ్చింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు ఈ చట్టాలను తమలో కలుపుకొని, డబ్బింగ్ కళాకారులు, ఫైటర్లు సహా దృశ్య శ్రవణ రంగ కార్మికులందరికీ నియామక పత్రం, అదనపు పనికి రెట్టింపు వేతనం వర్తిస్తాయని ప్రకటించాయి. అంతకు ముందు నెలలో, యూసుఫ్‌గూడలో సినీ కార్మికుల సభలో తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి, టికెట్ ధర పెంపు వల్ల వచ్చే అదనపు ఆదాయంలో 20 శాతం కార్మికుల సంక్షేమానికి ఇవ్వాలన్న ప్రతిపాదన ముందుంచారు.

ఈ మాటలు ఆచరణలోకి రావడానికి ప్రపంచంలో దారులు లేకపోలేదు. అమెరికా సినీ పరిశ్రమలో కార్మికుడు పనిచేసిన గంటలను లెక్కగట్టి, నిర్మాణ సంస్థలు ఉమ్మడి పింఛను, ఆరోగ్య నిధులకు తమ వాటా చెల్లిస్తాయి. కాబట్టి కార్మికుడు సంస్థ మారినా అతడి ఖాతా మారదు. ఫ్రాన్స్‌లో ఏడాదిలో 507 గంటలు పనిచేసిన కళాకారుడికి, సాంకేతిక నిపుణుడికి పని దొరకని రోజుల్లో నిరుద్యోగ భృతి లభిస్తుంది. తెలుగు పరిశ్రమకు కావలసిందీ ఇలాంటిదే: యూనియన్ కార్డుకు ముడిపడి, ప్రతి కాల్షీట్‌కూ నిర్మాత వాటా జమయ్యే ఒకే ఖాతా, దాని నుంచి బీమా, పింఛను, పని లేని నెలలకు కొంత భృతి. సంఘాలు కూడా సభ్యత్వ రుసుమును కొత్తవారికి అందుబాటులో ఉంచితే, నైపుణ్యం గల యువత ఈ వైపు చూస్తుంది.

కథానాయకుడి పారితోషికానికి, గ్రాఫిక్స్‌కు, ప్రచారానికి బడ్జెట్‌లో పద్దులు ఉన్నట్లే, కార్మికుల సంక్షేమానికీ ఒక పద్దు ఉండాలి. ముహూర్తపు షాట్‌కు ముందే నియామక పత్రం కార్మికుడి చేతికి, సంక్షేమ వాటా అతడి ఖాతాకు చేరాలి. నిర్మాతలు, ఫెడరేషన్, ప్రభుత్వం కలిసి కూర్చొని ఈ ఒక్క ఏర్పాటు చేయగలిగితే, తర్వాతి వేతన ఒప్పందం కోసం షూటింగులు ఆపవలసిన అవసరం తగ్గుతుంది. అనుభవం గల చేతులు పరిశ్రమను విడిచిపోవు. ఈ బాధ్యతను ఇకనైనా వాయిదా వేయకూడదు.