ప్రత్యామ్నాయ వైద్యవిద్యలో సాంస్కృతిక సామర్థ్యం: ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల నేపథ్యం

1. ఉపోద్ఘాతం

రోగి భాషను, నమ్మకాలను, జీవనవిధానాన్ని గ్రహించి, వాటికి తగినట్లు చికిత్స చేయగల నేర్పే సాంస్కృతిక సామర్థ్యం. ఆయుర్వేదం, యునానీ ఈ నేలకు అలవాటైన వైద్యాలే కనుక వాటి విద్యార్థులకు ఈ శిక్షణ అక్కరలేదనిపించవచ్చు. పశ్చిమ కర్నూలు ప్రాంతాన్ని ఆధారంగా చేసుకొని ఈ అభిప్రాయాన్ని పరిశీలించడం వ్యాసోద్దేశం.

2. ప్రాంత స్వరూపం

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడేవరకు ఆదోని బళ్లారి జిల్లాలో ఉండేది. తెలుగు, కన్నడ, ఉర్దూ మూడు భాషలూ ఇక్కడ వినిపిస్తాయి. ఎమ్మిగనూరు చేనేతకు ప్రసిద్ధి. మాచాని సోమప్ప కృషితో 1938లో అక్కడ చేనేత సహకార సంఘం ఏర్పడింది. వర్షాధార సేద్యం చాలని కుటుంబాలు మిరప కోతలకు గుంటూరు ప్రాంతానికి వలస వెళ్తాయి.

3. శాస్త్రగ్రంథాల దృష్టి

చరకసంహిత విమానస్థానం చెప్పిన దశవిధ పరీక్షలలో ‘సాత్మ్యం’ ఒకటి. అలవాటు వల్ల ఒంటికి సరిపడినది అని దాని భావం. సూత్రస్థానం పశువుల కాపరులకు ఓషధుల నామరూపాలు తెలుసునని అంగీకరిస్తూనే, వాటి ప్రయోగజ్ఞానం వేరని హెచ్చరిస్తుంది. అంటే లోకజ్ఞానాన్ని గౌరవించడం, పరీక్షించడం రెండూ శాస్త్రసమ్మతాలే.

4. ఆచరణలో అన్వయం

‘ఉడుకు చేసింది’ అని రోగి అంటే అది నోటిపూత కావచ్చు, మూత్రంలో మంట కావచ్చు. వెంటనే పిత్తప్రకోపమని నిర్ణయిస్తే నిదానం తప్పుతుంది. రోగి తన జబ్బును ఎలా అర్థం చేసుకుంటున్నాడో ముందుగా అడగాలని వైద్య మానవశాస్త్రవేత్త ఆర్థర్ క్లైన్‌మన్ ప్రతిపాదించాడు. జొన్నరొట్టె తినే ఇంటికి వరి అన్నమే పథ్యమని చెబితే అది అమలు కాదు. గుంతమగ్గం నేసే వ్యక్తి నడుము నొప్పికి కూర్చునే తీరు, పనిగంటలు తెలియాలి. వలస కూలీకి రోజూ కషాయం కాచుకొనే వీలుండదు. చూర్ణమో మాత్రో తగినది. రంజాన్ ఉపవాసి మందు వేళలను సహరీ, ఇఫ్తార్‌లకు సరిపెట్టాలి.

5. పరిమితి

గౌరవించడమంటే అన్నింటినీ ఆమోదించడం కాదు. పాముకాటుకు మంత్రం వేయిస్తూ ఆలస్యం చేస్తే ప్రాణం పోతుంది. ఆ నమ్మకాన్ని ఎగతాళి చేయకుండానే రోగిని వెంటనే ఆసుపత్రికి పంపగల మాటనేర్పు కూడా ఈ శిక్షణలో భాగమే.

6. ముగింపు

ఆయుర్వేద పట్టవిద్యలో నాలుగున్నరేళ్ల చదువు తర్వాత ఏడాది ఇంటర్న్‌షిప్ ఉంటుంది. ఆ ఏడాదిలో స్థానిక రోగపదాల సేకరణ, గ్రామాల్లో రోగి సంభాషణల అభ్యాసం చేర్చడం సాధ్యమే. రోగపదకోశాల నిర్మాణంలో తెలుగు శాఖలు వైద్య కళాశాలలతో కలిసి పనిచేయవచ్చు. సాత్మ్యాన్ని శ్లోకంగా అప్పజెప్పిన విద్యార్థి దాన్ని రోగి ఇంటి వంటలో, పనిలో, మాటలో గుర్తించగలిగినప్పుడే ఆ చదువు చికిత్సగా మారుతుంది.