పిట్టగోడ కట్టమన్న దేవుడు మరుగుదొడ్డి మాట మరువలేదు

కొత్త ఇల్లు కట్టేటప్పుడు కుటుంబమంతా కూర్చొని ఎన్నో సంగతులు మాట్లాడుకుంటారు. వంటింటి గట్టుకు ఏ రాయి వేయాలి, ముందు గది ఎంత పొడవుండాలి, తలుపులకు టేకు వాడాలా వేప వాడాలా అని రోజుల తరబడి చర్చ సాగుతుంది. మరుగుదొడ్డి మాట వచ్చేసరికి మాత్రం "మేస్త్రి చూసుకుంటాడులే" అనేస్తారు. లేదా పట్నంలో షాపుకు వెళ్లి, లైట్ల వెలుగులో బాగా మెరుస్తున్నదాన్ని చూసి కొనేస్తారు. కానీ ఇంట్లో ఆరోగ్యంగా ఉన్నవారికీ జబ్బుతో ఉన్నవారికీ, చంటివాడికీ తాతగారికీ ప్రతి రోజూ తప్పని వసతి అది. గనుక దాన్ని ఎలా ఎంచుకోవాలో ఈ నెల మన పాఠకులతో కలిసి ఆలోచించాలనుకుంటున్నాం.

ఎన్.టి.ఆర్. జిల్లా తిరువూరు ప్రాంతంలో, గంపలగూడెం మండలంలో నెమలి అనే గ్రామం ఉంది. వేణుగోపాలస్వామి ఆలయం వల్ల ఆ ఊరి పేరు చాలామందికి తెలుసు. అలాంటి ఊరిలో ఇల్లు కట్టుకునే కుటుంబాన్ని మనసులో పెట్టుకొని ఈ మాటలు రాస్తున్నాం. ఎందుకంటే నగరంలో ఫ్లాటు కొనుక్కునేవారికి కమోడు రంగు చూసుకుంటే సరిపోవచ్చు. పల్లెలో అలా కుదరదు. భూగర్భ మురుగు కాలువ ఉండదు. కరెంటు పోతే మోటారు ఆగుతుంది, ట్యాంకులో నీళ్లు అయిపోతాయి. చిన్న వాషరు కావాలన్నా తిరువూరు వెళ్లాలి. పిల్లలు ఉద్యోగాలకు వెళ్లిపోతే ఇంట్లో మిగిలేది వయసు మళ్లిన తలిదండ్రులే.

వాక్యం చెప్పే రెండు సంగతులు

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం 8వ వచనంలో దేవుడు ఇల్లు కట్టేవారికి ఒక ఆజ్ఞ ఇచ్చాడు. మిద్దెకు పిట్టగోడ కట్టాలి, ఎవరైనా అక్కడినుండి పడితే ఆ దోషం ఇంటిమీదికి వస్తుంది అని. ఆ తరువాతి అధ్యాయం 12 నుండి 14 వచనాల్లో మరొక ఆజ్ఞ ఉంది. ఇశ్రాయేలీయులు పాళెం వెలుపల దానికొక చోటు పెట్టుకోవాలి, తవ్వడానికి పనిముట్టు దగ్గర ఉంచుకోవాలి, మలాన్ని మట్టితో కప్పాలి. దేవుడు ఆ పాళెం మధ్య సంచరిస్తాడు గనుక అది పరిశుద్ధంగా ఉండాలి.

ఈ రెండింటినీ కలిపి చదివితే మన ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. మొదటిది, మన ఇంటికి వచ్చినవారెవరూ పడిపోకూడదు. రెండవది, మన మాలిన్యం మరొకరి మీద పడకూడదు. ఇంట్లో అందరికంటే బలహీనమైనవారు ఎవరో, ఇంటి బయట మన మాలిన్యం వల్ల బాధపడగలవారు ఎవరో చూసుకొని వారిని బట్టి మరుగుదొడ్డిని ఎంచుకోవడమే క్రైస్తవ గృహానికి తగిన పద్ధతి.

ఇండియనా, వెస్ట్రనా?

గొంతు కూర్చునే ఇండియన్ పాన్‌లో మంచి గుణాలు చాలా ఉన్నాయి. శరీరం దేనికీ తగలదు. కడగడం తేలిక. ఖర్చు తక్కువ. చిన్నప్పటినుండి అలవాటైనవారికి విరేచనం సులువుగా అవుతుంది. ఇంట్లో అందరి మోకాళ్లూ గట్టిగా ఉన్నంతకాలం దానికి వంక పెట్టవలసిన పని లేదు.

అయితే ఇల్లు కట్టేది ఐదేళ్ల కోసం కాదు. మోకాళ్ల ఆపరేషన్ అయినవారిని గొంతు కూర్చోవద్దని డాక్టర్లు చెబుతారు. తుంటి ఎముక విరిగినవారు, పక్షవాతం వచ్చినవారు, నెలలు నిండిన గర్భిణులు కూర్చున్నా లేవలేరు. రాత్రివేళ తడి నేలమీద, చీకటిలో, గోడ పట్టుకొని లేచే అమ్మమ్మ జారితే, ఆ ఒక్క పాటుతో మంచం పట్టవచ్చు. ఇది సాకుగా చేసుకొని నీళ్లు తాగడం మానేసే పెద్దవారు కూడా ఉన్నారు. బిడ్డల్ని లేపడం ఇష్టంలేక సాయంత్రం నుండి గొంతు తడుపుకోరు. మన ఇంట్లో ఎవరైనా అలా ఉన్నారేమో అడిగి తెలుసుకోవాలి.

మా సలహా ఇది. రెండు గదులకు స్థలం ఉంటే ఒకటి ఇండియన్, ఒకటి వెస్ట్రన్ పెట్టించండి. వెస్ట్రన్ కమోడు పెద్దవారు పడుకునే గదికి దగ్గరగా ఉండాలి. ఒకే గది అయితే వెస్ట్రన్ మేలు. గొంతు కూర్చోవడం అలవాటైనవారు కాళ్ల కింద ఏడు నుండి తొమ్మిది అంగుళాల ఎత్తు పీట వేసుకుంటే దాదాపు అదే భంగిమ వస్తుంది. చిన్నపిల్లలు ఎక్కడానికీ అదే పీట పనికొస్తుంది. ఇప్పటికే ఇండియన్ ఉన్న ఇంట్లో నేల పగలగొట్టలేకపోతే, మధ్యలో రంధ్రం ఉన్న కమోడ్ కుర్చీని దానిమీద పెట్టుకోవచ్చు. మందుల షాపుల్లో, ఆసుపత్రి సామాను అమ్మేచోట అవి దొరుకుతాయి.

ఆంగ్లో ఇండియన్ అని మరో రకం ఉంది. పైన కూర్చోవచ్చు, కావాలంటే అంచుమీద పాదాలు పెట్టి గొంతు కూర్చోవచ్చు. రెండూ కలిసివస్తాయని కొంటారు గాని, అంత ఎత్తుకు ఎక్కి దిగడం వయసు మళ్లినవారికి ప్రమాదం. పిట్టగోడ ఆజ్ఞ గుర్తున్నవారు దాన్ని కొనకపోవడమే మంచిది.

ఇండియన్ అయినా వెస్ట్రన్ అయినా పక్క గోడకు ఒక స్టీలు పట్టుకమ్మీ తప్పనిసరి. కమోడుమీద కూర్చునే ఎత్తుకు జానెడు పైన బిగిస్తే లేవడానికి చేతికి అందుతుంది. తువ్వాలు వేసుకునే కడ్డీని పట్టుకొని లేవకూడదు. అది మనిషి బరువుకు చేసింది కాదు. నేలకు గరుకు టైల్స్ వేయించండి. తలుపు బయటికి తెరుచుకునేలా ఉండాలి. లోపల పడినవారు తలుపుకు అడ్డంగా ఉంటే లోపలికి తెరిచే తలుపును ఎవరూ తీయలేరు.

నీళ్ల లెక్క

కమోడు కింద వంకర తిరిగిన గొట్టంలో ఎప్పుడూ కొంచెం నీళ్లు నిలిచి ఉంటాయి. వాసనను, పురుగులను పైకి రాకుండా ఆపేది ఆ నీళ్లే. లండన్‌లో గడియారాలు చేసే అలెగ్జాండర్ కమ్మింగ్ 1775లో ఈ వంకర గొట్టంతో కూడిన మరుగుదొడ్డికి పేటెంటు పొందాడు. రెండు వందల యాభై ఏళ్లు గడిచినా ఇప్పటికీ మనం నమ్ముకున్నది ఆ చిన్న ఏర్పాటునే.

పల్లెల కోసం తయారుచేసిన గ్రామీణ పాన్‌కు వాలు ఎక్కువ, దాని ట్రాపులో నిలిచే నీటి మట్టం 20 మిల్లీమీటర్లే. అందువల్ల లీటరున్నర, రెండు లీటర్ల నీళ్లు పోస్తే చాలు, శుభ్రమవుతుంది. మామూలు పాన్‌కు దీనికి ఎన్నో రెట్లు కావాలి. నీళ్లు మోసి తెచ్చుకునే ఇంట్లో, వేసవిలో బోరు ఎండే చోట ఈ తేడా చిన్నది కాదు.

వెస్ట్రన్ కొనేవారు రెండు బటన్లున్న ఫ్లష్ ట్యాంకు తీసుకోవాలి. మామూలుగా పెద్ద బటన్‌కు ఆరు లీటర్లు, చిన్న బటన్‌కు మూడు లీటర్లు వస్తాయి. ఐదుగురున్న ఇంట్లో రోజుకు 25 సార్లు వాడుతారనుకుందాం. పాతకాలపు పది లీటర్ల ట్యాంకుతో 250 లీటర్లు పోతాయి. రెండు బటన్ల ట్యాంకులో ఐదుసార్లు పెద్దది, ఇరవైసార్లు చిన్నది నొక్కితే 90 లీటర్లే.

షాపులో మరో ప్రశ్న అడగండి: అది వాష్ డౌనా, సైఫానిక్కా అని. సైఫానిక్ రకం చప్పుడు లేకుండా నీటిని లాగుతుంది గాని నీళ్లు ఎక్కువ కావాలి, దారి ఇరుకు గనుక త్వరగా అడ్డుపడుతుంది. వాష్ డౌన్ రకానికి కరెంటు లేనప్పుడు బకెట్టుతో నీళ్లు పోసినా పని జరుగుతుంది. మన ఊళ్లకు అదే తగినది. ట్యాంకు గోడలోపల దాగి ఉండే రకం చూడ్డానికి అందంగా ఉన్నా, చెడిపోతే బాగుచేసేవారు, విడిభాగాలు దగ్గరలో ఉన్నాయో లేదో ముందే కనుక్కోండి. గోడకు బయట బిగించే ప్లాస్టిక్ ట్యాంకును ఏ ఊరి ప్లంబరైనా బాగుచేయగలడు.

నేల కింద ఏముంది?

పైన ఎంత ఖరీదైన కమోడు పెట్టినా, కింద ఏర్పాటు సరిగా లేకపోతే మన మాలిన్యం పొరుగువారి బావిలోకి చేరుతుంది. టైఫాయిడ్, కామెర్లు, పిల్లల విరేచనాలు ఆ దారినే వస్తాయి.

పల్లె ఇంటికి రెండు గుంటల పద్ధతి మంచిది. 1970లో సులభ్ సంస్థను స్థాపించిన బిందేశ్వర్ పాఠక్ దీన్ని దేశమంతటా ప్రచారం చేశారు. ఆయన 2023లో మరణించారు. ఐదుగురికి సుమారు మీటరు వెడల్పు, మీటరుకు కొంచెం పైగా లోతున్న గుంట మూడేళ్ల వరకు వస్తుంది. ఒకటి నిండగానే మధ్యనున్న చిన్న తొట్టిలో దారి మార్చి రెండవ గుంటకు మళ్లిస్తారు. నిండినదాన్ని మూసి రెండేళ్లు వదిలేస్తే మలం వాసన లేని ఎరువుగా మారుతుంది. పారతో తీసి తోటకు వేసుకోవచ్చు. నీరు, వాయువులు చుట్టూ ఉన్న మట్టిలోకి ఇంకాలి గనుక గుంట లోపల ఇటుకల మధ్య సందులు వదులుతారు, అడుగున సిమెంటు వేయరు. నల్లరేగడి నేలలో నీరు నెమ్మదిగా ఇంకుతుంది. అక్కడ గోడ చుట్టూ అడుగు మందాన ఇసుకో కంకరో నింపాలి. మంచినీటి బావికి, బోరుకు కనీసం పది మీటర్ల దూరం ఉండాలి. ఇంకా దూరమైతే ఇంకా మంచిది.

2014 అక్టోబరు 2న మొదలైన స్వచ్ఛ భారత్ మిషన్ కింద అర్హులైన గ్రామీణ కుటుంబాలకు మరుగుదొడ్డి కట్టుకోవడానికి 12 వేల రూపాయల ప్రోత్సాహకం నిర్ణయించారు. పథకం నిబంధనలు మారుతుంటాయి గనుక ఇప్పటి వివరాలు గ్రామ సచివాలయంలో అడగాలి.

సెప్టిక్ ట్యాంకు కట్టించుకునేవారు ఒక సంగతి మరువరాదు. ట్యాంకునుండి బయటికి వచ్చే నీరు శుద్ధమైనది కాదు. దాన్ని ఇంకుడు గుంటలోకి పంపాలే తప్ప వీధి కాలువలోకి వదలకూడదు. ఆ కాలువ పక్కనే ఎవరో ఒకరి పిల్లలు ఆడుకుంటుంటారు.

దిగే మనిషి ఎవరి బిడ్డ?

కోలారు బంగారు గనుల పట్టణంలో తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ పేరు చాలామంది విని ఉంటారు. ఆయన కుటుంబీకులు పొడి మరుగుదొడ్ల మలాన్ని ఎత్తే పనిచేశారు. ఆ పని ఏ మనిషీ చేయకూడదని ఆయన దేశమంతా తిరిగి పోరాడాడు. సఫాయి కర్మచారి ఆందోళన్ నాయకుడిగా 2016లో మెగసెసే అవార్డు అందుకున్నాడు. చేతులతో మలం ఎత్తించడాన్ని, రక్షణ లేకుండా సెప్టిక్ ట్యాంకుల్లోకి మనుషుల్ని దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. అయినా మరణాలు ఆగలేదు. 2023 అక్టోబరు 20న సుప్రీంకోర్టు మురుగు పనిలో చనిపోయినవారి కుటుంబానికి పరిహారాన్ని 30 లక్షల రూపాయలకు పెంచవలసి వచ్చింది.

మూసిన ట్యాంకులో పేరుకునే విషవాయువు రెండు మూడు పీల్పులలోనే మనిషిని పడగొడుతుంది. అతన్ని కాపాడబోయి దిగినవాడూ పడిపోతాడు. గనుక ట్యాంకు కట్టేటప్పుడే మిషను లారీ గొట్టం చేరేంత దగ్గరగా, మూత తీయడానికి వీలుగా కట్టాలి. గాలిగొట్టం పెట్టాలి. రెండు మూడేళ్లకొకసారి లారీతోనే తోడించాలి. వందలు మిగులుతాయని మనిషిని దించితే, పిట్టగోడ లేని మిద్దెమీదికి తెలిసి తెలిసి ఒకరిని ఎక్కించినట్టే. శిష్యుల పాదాలు కడిగిన ప్రభువును వెంబడించేవారు ఆ పని చేయించగలరా?

కొనేముందు

పైపు నేలలోకి వెళ్తుందా, గోడలోకి వెళ్తుందా చూసుకోండి. నేలలోకైతే ఎస్ ట్రాపు, గోడలోకైతే పి ట్రాపు. నేల పైపు అయితే టైల్స్ వేసిన తరువాత మిగిలే గోడ నుండి పైపు రంధ్రం మధ్యభాగం దాకా కొలవాలి. టైల్స్ మందం మరిచిపోయి కొలిస్తే కమోడు గోడకు తగిలి కూర్చోదు. పింగాణి సామానుమీద ఐ.ఎస్.ఐ. గుర్తు ఉందేమో చూడండి. మోకాళ్ల నొప్పులున్నవారు షాపులో సిగ్గుపడకుండా ఒకసారి కూర్చొని లేచి చూడాలి. కొంచెం ఎత్తు ఎక్కువున్నవి వారికి హాయిగా ఉంటాయి. వాడకం మొదలయ్యాక గుడ్డలు, శానిటరీ ప్యాడ్లు అందులో వేయకండి. గుంటలోకి యాసిడ్ పోయకండి. మలాన్ని ఎరువుగా మార్చే సూక్ష్మజీవులు దానివల్ల చస్తాయి.

చివరిగా సంఘ పెద్దలకు ఒక మనవి. మన మందిరాల్లో రాత్రి ప్రార్థనలు, క్రిస్మస్ కూడికలు గంటల తరబడి జరుగుతాయి. మైకులు, ఫ్యాన్లు, రంగులు ఉంటాయి. స్త్రీలకు, వృద్ధులకు మరుగుదొడ్డి ఉందా? ఉంటే దానికి లైటు, నీళ్లు, లోపలినుండి గడియ, పట్టుకోవడానికి కమ్మీ ఉన్నాయా? వచ్చే సంఘ కమిటీ సమావేశంలో ఈ ప్రశ్న వేసుకోండి. ఆవరణలోకి వెళ్లి తలుపు తెరిచి చూసి, లోపాలేమైనా ఉంటే కాగితంమీద రాసుకొని, ఎప్పటిలోగా సరిచేస్తారో తేదీ కూడా వేయండి.